పాట ఆగే చోటు

ఈమధ్య వచ్చిన పాట ఏదైనా సరే, కంప్యూటర్‌లో తెరిచి దాని హెచ్చుతగ్గుల బొమ్మ చూడండి. ఇటుకలా ఉంటుంది. పైన చదును, కింద చదును, మధ్యలో సూది దూరే సందు ఉండదు. గుసగుస ఎంత ఎత్తుందో డ్రమ్ము దెబ్బా అంతే ఎత్తుంటుంది. పక్కవాడి పాటకంటే మన పాట గట్టిగా మోగాలని స్టూడియోలో ఆ హెచ్చుతగ్గుల్ని ఒకసారి చదునుగా నొక్కుతారు, కంపెనీవాళ్ళు ఇంకోసారి నొక్కుతారు, ఎవరికైనా పంపిస్తే ఫోను తన వంతు తను నొక్కుతుంది. చివరికి మనదాకా వచ్చేది ఇస్త్రీ చేసిన దుప్పటి. చెవులు నొప్పెడతాయి, గుండెకి మాత్రం ఏమీ తగలదు.

ఆ తగిలేదాన్ని వెనక్కి తేవాలని నేనూ నౌషీనూ ఒక సాఫ్ట్‌వేర్ రాశాం. దానికి పేరు పెట్టింది మా నాన్న, ఆయనకి తెలియకుండానే.

నాన్నకి చిలకలగూడలో మైక్‌సెట్ షాపుంది. పెళ్ళి, బారసాల, బోనాలు, ఎలక్షన్ మీటింగు, ఆ చుట్టుపక్కల ఏది జరిగినా జంగయ్య మైక్‌సెట్టే మోగాలి. మనిషంత ఎత్తున్న స్పీకర్ డబ్బాలు. కొత్త పాట వచ్చిన ప్రతిసారీ నాన్న రెండు డబ్బాల మధ్య నిలబడి, అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, కాసేపు విని, తల అడ్డంగా ఊపేవాడు.

"సప్పుడున్నది బిడ్డా. దెబ్బ లేదు."

చిన్నప్పటినుంచీ వింటున్న మాట. ఇంజనీరింగ్ అయిపోయాక నేను చేసిన మొదటి అసలు పనికి అదే పేరు పెట్టాను. దెబ్బ.

నౌషీన్ నా క్లాస్‌మేట్. నాకంటే తెలివైనది, నాకున్న తొందర లేనిది. గుండె కొట్టుకోవడాన్ని కొలిచే పట్టీలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. ఆ కంపెనీ వెనకగదే మా ప్రయోగశాల. పద్ధతి తేలికే. ఒకే పాటని నొక్కకముందు ఒకసారి, నొక్కాక ఒకసారి మెషీన్‌కి చూపించాలి. అలా చూపిస్తూ పోతే కొన్నాళ్ళకి నొక్కినదాన్ని మాత్రమే చూసి, నొక్కకముందు ఎలా ఉండేదో అదే ఊహిస్తుంది. ఊహించి, పోయిన దెబ్బల్ని మళ్ళీ వాటి చోట్లలో పెడుతుంది. నొక్కడం మాకు చేతనవును. నొక్కని శబ్దమే దొరకలేదు. ఎక్కడ వెతికినా ఎవరో ఒకరు అప్పటికే ఎంతో కొంత నొక్కేసినదే.

అప్పుడు గుర్తొచ్చింది, అటక మీద నాన్న రేకుపెట్టె. నాన్న పెళ్ళికాకముందు, భువనగిరి దగ్గర వాళ్ళ ఊళ్ళో, టేప్ రికార్డర్ భుజానికి తగిలించుకుని తాత డప్పు రికార్డు చేసేవాడట. శబ్దాన్ని తనంతట తాను సర్దే తెలివి లేని పాత మెషీన్ అది. అంటే మాకు బంగారం.

"డాడీ, ఆ క్యాసెట్లు నేను తీసుకోనా?"

నాన్న వైరు చివర తోలు వలుస్తున్నాడు. చెయ్యి ఆగింది.

"ఏం జేస్తవే? బూజు వట్టి ఉంటయి."

"తాత డప్పు ఉందంట కదా. ఒక్కసారి వింటా."

"తీస్కో." మళ్ళీ వైరు వలవడం మొదలుపెట్టాడు. "నాకైతే వినిపియ్యకు."

నేను ఎందుకని అడగలేదు. మా ఇంట్లో డప్పు మాట వస్తే నాన్న అలాగే ముడుచుకుంటాడు. చిన్నప్పుడొకసారి కంచం బోర్లించి రెండు పుల్లలతో వాయిస్తుంటే మెల్లగా వచ్చి పుల్లలు తీసుకుని, "చదువుకోపో బిడ్డా" అన్నాడు. తిట్టలేదు. ఆ పుల్లలు మాత్రం మళ్ళీ కనపడలేదు. తాత డప్పు కొట్టేవాడని తెలుసుగానీ ఎప్పుడు కొట్టేవాడో, ఏమేం కొట్టేవాడో నాకు ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు మీడియంలో వేశారు, చదివాను, అంతే.

క్యాసెట్ల మీద పెన్నుతో రాసినవన్నీ చెరిగిపోయాయి. ఒక్కొక్కటే పెట్టి విన్నాం. కొన్నిట్లో ఈలలు, కేకలు, ఎవరో తాగి పాడే పాట. డప్పు వాటికింద మునిగిపోయింది. అవి పక్కన పడేశాం. ఇంకొన్ని ఉన్నాయి, వాటిని విన్నప్పుడు నౌషీన్ చేతిలో టీ చల్లారిపోయింది. డప్పు ఒక్కటే. చుట్టూ జనం ఉన్నారని తెలుస్తోంది, అడుగుల చప్పుడు, ఒక దగ్గు, ఏదో గాజుల గలగల. కానీ ఎవరూ అరవరు.

"ఎంత మర్యాదగా వింటున్నారో చూడవే" అంది నౌషీన్. "ఇలాంటి ఆడియన్స్ ఇప్పుడెక్కడ దొరుకుతారు యార్."

నేనూ మురిసిపోయాను. ఆ క్యాసెట్లన్నీ ఒకేలా అయిపోయేవి. దరువు నెమ్మదిగా మొదలై, హెచ్చి, హెచ్చి, ఉన్నట్టుండి ఆగుతుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. అంత లోతైన నిశ్శబ్దం నేను ఏ రికార్డింగ్‌లోనూ వినలేదు. దాని అంచున టక్ అని చిన్న చప్పుడు. రికార్డర్ మీట నొక్కింది. అంతటితో క్యాసెట్ ఖాళీ. పెద్ద దెబ్బ, పక్కనే సున్నా. మెషీన్‌కి నేర్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మిగతావాటిని వదిలేసి వాటినే పెట్టాం.

నేర్చుకుంది. పెళ్ళిళ్ళలో అరిగిపోయిన ఒక డాన్స్ పాటని దెబ్బలో వేసి షాపుకి తీసుకెళ్ళి నాన్న డబ్బాల్లో పెట్టాను. మొదటి దెబ్బకే షట్టరు వణికింది. నాన్న అలవాటుగా డబ్బాల మధ్య నిలబడి ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. తల ఊపలేదు. అడుగు వెనక్కి వేశాడు.

"ఎట్ల జేసినవే దీన్ని?"

"బాగుందా?"

"మా నాయిన చెయ్యి లెక్కున్నది" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను. చరణం ముందర పాట ఒక్క క్షణం ఆగి, టక్‌మని, మళ్ళీ అందుకుంది. ఆ టక్ తర్వాత తీసేద్దాంలే అనుకున్నాను.

మరుసటి వారం ఇంట్లో లాప్‌టాప్‌లో అదే పాట పెట్టుకుని వింటున్నాను. నానమ్మ వరండాలో చింతపండు పిక్కలు తీస్తోంది. చెవులు సగమే వినపడతాయి ఆమెకి. లేచి గుమ్మందాకా వచ్చి వీధిలోకి తొంగిచూసింది.

"ఎవలు పోయిన్రే?"

"ఎక్కడికి నానమ్మా?"

"సచ్చిపోయింది ఎవలే అంటున్న. గింత దగ్గర్ల వినవడ్తున్నది."

పెళ్ళిపాట అది. నేను పడీపడీ నవ్వాను. నౌషీన్‌కి వాయిస్ మెసేజ్ పెట్టి మరీ నవ్వాను. నానమ్మ మాత్రం చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టింది.

మొదటి ఫంక్షన్ ఒక రిసెప్షన్. డీజే చింటు అన్న, నాన్న దగ్గరే పని నేర్చుకుని సొంతంగా బండి పెట్టుకున్నాడు. అతనికి సాఫ్ట్‌వేరే ఇచ్చాను, పెన్‌డ్రైవ్‌లో, ఎంత గొప్పగా ఇచ్చానో. పాట మొదలైంది. ఎప్పుడూ కుర్చీల్లోంచి లేవని పెద్దమనుషులు లేచారు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకునే వచ్చారు. నేను స్టేజీ మెట్ల మీద నిలబడి పైనుంచి చూస్తున్నాను, అందుకే కనపడింది. ఆగే చోటు వచ్చింది. అందరి పాదాలూ ఒకేసారి ఆగాయి. లేచిన చెయ్యి లేచినట్టే. పిల్లలు, ముసలివాళ్ళు, పెళ్ళికూతురు, అందరూ. ఒక్క చెమ్కీ చీర కూడా కదల్లేదు. పాట అందుకుంది, అందరూ అందుకున్నారు.

"చూసినవా" అన్నాడు చింటు అన్న, చెమట తుడుచుకుంటూ. "పబ్లిక్‌ను రిమోట్ పెట్టి ఆపినట్టుంది చెల్లే. నీ చేతికి దండం."

ఆనందంతో నాకు ఒళ్ళు తెలియలేదు. డబ్బా పక్కనే ఆడుతున్న పెళ్ళికొడుకు మేనమామ కాసేపటికి కూలబడితే ఉక్కపోత అన్నారు. నేనూ ఉక్కపోతే అనుకున్నాను. సోడా తాగించారు, లేచాడు.

అక్కడినుంచి అది మా చేతుల్లో లేదు. చింటు అన్న ఇంకో డీజేకి ఇచ్చాడు, అతను ఇంకొకడికి. పాటలు పెన్‌డ్రైవ్‌ల మీద బస్తీ బస్తీ తిరిగాయి. ఒక షాపువాడు దెబ్బలో వేసిన పాట ఫోన్ల మీదుగా ఇంకో షాపుకి చేరేసరికి మళ్ళీ నొక్కుడుపడి చప్పబడేది. వాడు మళ్ళీ దెబ్బలో వేసేవాడు. తర్వాతవాడు ఇంకోసారి. అందరికీ తమ పాటే ఎక్కువ తగలాలి. నొక్కుడు జబ్బుకి మందు కనిపెట్టాననుకున్నాను. జనం ఆ మందునీ అదే జబ్బుతో తాగారు.

నాన్న ఆ సీజనంతా డబ్బాల మధ్యే ఉన్నాడు. అన్నం తగ్గించాడు. మెట్లెక్కుతూ సగంలో ఆగి, నిలబడి, మళ్ళీ ఎక్కేవాడు.

"ఏమైంది డాడీ?"

"ఏం లేదు. జర ఆగబుద్దైతది, అంతే."

ఆ మాట వినగానే నాకు అర్థమై ఉండాల్సింది.

అర్థమైంది నౌషీన్‌కి. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఊరికే సరదాకి, ఖాళీగా దొరికినవాళ్ళందరి ఛాతీలకీ వాళ్ళ పట్టీలు అంటించి పాట పెట్టింది. నాకు ఫోన్ చేసి రమ్మంది. గొంతులో సరదా లేదు. వెళ్ళేసరికి స్క్రీన్ మీద రంగురంగుల గీతలు, మనిషికొక రంగు. మొదట్లో ఎవరి గీత వాళ్ళది. పాట నడుస్తున్నకొద్దీ ఒకదానికొకటి దగ్గరకొచ్చాయి. చివరికి ఒకే గీతలా కలిసిపోయాయి.

"డప్పుకి గుండె తాళం కలుపుతోంది. అంతవరకూ నాకు ఆశ్చర్యం లేదు" అంది. "ఇది చూడు."

ఆగే చోటు. గీతలన్నీ పడుకున్నాయి. పాట అందుకున్నాకే లేచాయి.

"ఎదురుచూస్తున్నాయే" అంది నౌషీన్.

"ఏవి?"

"గుండెలు. పాట ఎప్పుడు మొదలవుతుందా అని."

చింటు అన్న కొత్తగా పంపిన ఫైల్ నా ఫోన్‌లో ఉంది, ఎన్ని షాపులు తిరిగొచ్చిందో తెలియదు. దాన్ని మనుషులకి వినిపించలేదు, బొమ్మ మాత్రం చూశాం. ఆగే చోటు వెడల్పయింది. మొదటి పాటలో కంటిరెప్ప పాటున్నది ఇప్పుడు ఊపిరి బిగబట్టేంత ఉంది. ఆ టక్ మాత్రం అలాగే ఉంది, శుభ్రంగా.

"ఎందుకు పెరుగుతోంది?" అన్నాను.

"మనం నేర్పిందే కదా. దానికి చూపించిన ప్రతి దరువూ అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదలవడం అది ఎప్పుడూ వినలేదు. కింద అసలు పాట ఉంది కాబట్టి ఇప్పటికి లాక్కొస్తోంది. దెబ్బలో వేసిన ప్రతిసారీ ఆ లాగుడు తగ్గుతుంది." లాప్‌టాప్ మూసింది. "రవళీ, ఆ క్యాసెట్లు ఏంటసలు? అక్కడ ఎందుకు ఆపేవాళ్ళు? ఇవాళే మీ డాడీని అడుగు."

ఆ రోజు మా బస్తీ బోనాలు. ఇంటికొచ్చేసరికి అమ్మ బోనమెత్తుకుని అప్పటికే వెళ్ళిపోయింది. నాన్న తెల్ల చొక్కా వేసుకుని, ఊరేగింపు దగ్గరికి బయల్దేరబోతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. నేనేమీ చెప్పకుండా ఫోన్‌లో క్యాసెట్ శబ్దం పెట్టాను. వినిపించొద్దన్నాడు. వినిపించాను.

మొదటి దరువుకే నాన్న గుమ్మం మీద కూర్చుండిపోయాడు. ఆగేదాకా విన్నాడు. టక్ అన్నప్పుడు ఆయన బొటనవేలు కదిలింది.

"గివా నువ్వు తీసుకున్నవి?"

"ఇవే బాగున్నాయి డాడీ. జనం గోల లేదు."

"గోలెందుకుంటదే, శవం ఎనక నడిశెటోళ్ళు గోల జేస్తరా?"

నేను ఫోన్‌లో ఆ శబ్దం ఆపేశాను.

"పెండ్లిల్ల, జాతరల్ల డప్పు సరిగ వినరాకపోయేది. సావుకాడనే మంచిగ దొరుకుతుండె. అందుకని మా నాయిన ఎనక తిరిగిన." నాన్న ఫోన్ వైపు చూడటంలేదు. "నడిమి తొవ్వల పాడె దింపుతరు. దింపుడు కల్లం. డప్పు ఆపి, అందరు సప్పుడు జెయ్యకుంట నిలవడ్తరు. ఇంటోళ్ళు చెవుల మూడుసార్లు పిలుస్తరు, పానం ఏమన్న మిగిలి ఉంటే పలుకుతరేమో అని. ఆ పిలుపు పట్టొద్దురా, అది పోయినోళ్ళది అన్నడు మా నాయిన. గందుకే ఆడ మీట నొక్కుతుంటి."

"తర్వాత?"

"ఏం తర్వాత?"

"పలక్కపోతే? అక్కడే ఆగిపోరు కదా."

"పలకకపోతే పాడె లేపుతరు. అప్పుడు కొట్టే దరువు వేరే ఉన్నది. అది పోయినోనికి గాదు, ఉన్నోళ్ళకు. ఆడు ఆగిండు, మీరు నడువుండ్రి అని." నాన్న లేవబోయి గుమ్మం పట్టుకున్నాడు. "గా దరువులేవీ నీ చెవున పడొద్దనే గదనే ఊరిడిసి వచ్చింది. ఏ సావుకైనా మనోళ్ళనే పిలిశేది. నువ్వు గట్ల పెరగొద్దనుకున్న."

పడకుండా పెంచాడు. పడలేదు కాబట్టే పోల్చుకోలేకపోయాను. నానమ్మ సగం చెవులతో పోల్చుకుంది, నేను నవ్వాను.

గుండెల సంగతి చెప్పాను, గీతల సంగతి చెప్పాను, మాటలు ఒకదానిమీద ఒకటి పడిపోయాయి. నాన్నకి గీతలు అక్కర్లేకపోయాయి. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "అందుకేనా" అన్నాడు. అంతే. అప్పుడే మెయిన్ రోడ్డు వైపునుంచి దెబ్బ వినపడింది. మా కిటికీ అద్దం పలికింది. చింటు అన్న బండి.

పరిగెత్తాం. నాన్న పరిగెత్తకూడదు, పరిగెత్తాడు. వీధి మూల తిరిగితే పసుపు, వేపాకు వాసన, ఊరేగింపు నిండా జనం. బండి మీద డబ్బాలు గోడలా పేర్చి ఉన్నాయి. బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు, భుజాల మీద పిల్లలు, అందరి అడుగులూ ఒకే అడుగు. ఆ దెబ్బ నా కాళ్ళలోకీ వచ్చింది. భయపడుతూ కూడా తాళంలోనే పరిగెత్తుతున్నానని గమనించాను.

"చింటూ, ఆపురా" అని నాన్న అరుస్తున్నాడు. చింటు అన్న చెవులకి హెడ్‌ఫోన్లు. నవ్వుతూ చెయ్యి ఊపాడు.

పాట చరణానికి దగ్గరవుతోంది. ఆగే చోటు వచ్చేస్తోంది. పాట లేకపోతే ఆగే చోటే ఉండదు కదా, నా బుర్రకి తట్టింది అదొక్కటే. బండి వెనక జనరేటర్. మైక్‌సెట్ ఇంట్లో పుట్టినదాన్ని, ఏది ఎక్కడ ఆపాలో నాకు తెలుసు. మీట లాగేశాను.

నిశ్శబ్దం.

పాట ఆగింది. పాటతోపాటు అందరూ ఆగారు. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్క కాలు కదల్లేదు. కేక లేదు, దగ్గు లేదు. ఒక బోనం మీద దీపం మాత్రం రెపరెపలాడుతోంది. మొదట నాకు హాయిగా అనిపించింది. ఆపేశాను అనుకున్నాను. తర్వాత చింటు అన్న మొహం చూశాను. నోరు తెరిచి ఉంది, ఊపిరి లేదు. పక్కనున్న పిల్ల చెయ్యి ఛాతీ మీదికి పోతోంది. నా ఛాతీలో కూడా ఏదో నిలబడిపోయి, వింటోంది.

ఎదురుచూస్తున్నాయి. నేను పాటని ఆపలేదు. ఆగే చోటుని అంతులేకుండా చేశాను.

మీట మళ్ళీ ఎత్తాలని చెయ్యి చాచాను. చెయ్యి అందలేదు, వేళ్ళు చల్లబడిపోయాయి. కొబ్బరిపీచు తాడు తెగినట్టు ఎవరో కూలారు. ఇంకెవరో. బోనం ఒకటి నేలపడి పగిలింది, ఆ చప్పుడుకీ ఎవరూ తిరిగి చూడలేదు.

అప్పుడు వినపడింది. చెక్క మీద అరచెయ్యి.

నాన్న. స్పీకర్ డబ్బా పక్కచెక్క మీద. ఒక చేత్తో గట్టిగా, రెండో చేతి వేళ్ళతో సన్నగా, డప్పు మీద పెద్ద పుల్లా చిటికెన పుల్లా నడిచినట్టు. డన్, డనక డన్. డన్, డనక డన్. హెచ్చే దరువు కాదది. భుజం మీద బరువున్నవాళ్ళు నడిచే నడక. చెప్పకుండా దాచిన దరువు, ముట్టనని ఊరు వదిలి వచ్చిన దరువు, నా కళ్ళముందు, నడివీధిలో, తెల్లచొక్కా చెమటకి అంటుకుపోయి, కొడుతున్నాడు.

నా ఛాతీలో నిలబడినది కదిలింది. ఊపిరి గొంతులోకి కత్తిలా దిగింది. పక్కన పిల్ల ఏడ్చింది. ఏడుపు అంత మంచి శబ్దమని అప్పుడే తెలిసింది. ఒక కాలు, ఇంకో కాలు, వీధంతా అడుగు వేసింది. పడ్డవాళ్ళు దగ్గుతూ లేచి కూర్చుంటున్నారు. చింటు అన్న హెడ్‌ఫోన్లు పీకి పారేసి వాంతి చేసుకుంటున్నాడు. నాన్న కొడుతూనే ఉన్నాడు, చివరి మనిషి కదిలేదాకా.

తర్వాత ఆపాడు. డబ్బాకి వీపు ఆనించి, మెట్లమీద ఆగినట్టే, మెల్లగా జారి కూర్చున్నాడు.

"డాడీ."

అందరికీ కొట్టినవాడికి కొట్టేవాళ్ళు ఎవరూ లేరు. కొట్టేవాడు తన దరువు తను వినడని, ఇచ్చేస్తాడంతేనని అప్పుడు అర్థమైంది. పడుకోబెట్టాను. తల పక్కకి వాలింది.

"డాడీ" అని చెవిలో పిలిచాను. రెండోసారి పిలిచి నోరు మూసుకున్నాను. మూడోసారి పిలవను. మూడోది అయిపోతే పాడె లేపుతారు.

గుండె ఆగినవాళ్ళకి ఏం చెయ్యాలో నౌషీన్ నాకు ఒకప్పుడు వాళ్ళ ఆఫీసులో రబ్బరు మనిషిబొమ్మ మీద నేర్పింది, ఛాతీ నడుమ అరచేతి మడమ పెట్టి, మోచేతులు వంచకుండా నొక్కాలి. ఎంత వేగమో చెప్పింది, గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే, ఇప్పుడే విన్నది, ఒకేఒక్కసారి విన్నది. డన్, డనక డన్. పెద్ద దెబ్బకి రెండు చేతుల బరువూ, మిగతావాటికి వదిలీ వదలనట్టు. చేతుల కింద ఎముక కిర్రుమంటోంది. ఎవరో అంబులెన్స్‌కి ఫోన్ చేస్తున్నారు, అడ్రస్ తప్పు చెబుతున్నారు. అమ్మ ఎక్కడినుంచో పరిగెత్తుకొస్తోంది, పసుపు పాదాలు కనపడుతున్నాయి. నేను తలెత్తడంలేదు. తాత ఈ దరువు ఎంతమందికి కొట్టి ఉంటాడో, వాళ్ళెవరికైనా ఇలా ఛాతీ మీదే కొట్టవచ్చని తోచిందో లేదో.

పక్క సందులోంచి జనరేటర్ అందుకుంది. ఇంకో బండి. వాళ్ళకి ఇక్కడ ఏం జరిగిందో తెలియదు. అదే పాట, చాలా షాపులు తిరిగొచ్చిన పాట. మొదటి దెబ్బకి రోడ్డు మీద పగిలిన బోనం పెంకులు గలగలలాడాయి.

నా చేతులు దాని తాళంలోకి జారబోయాయి. వెనక్కి లాక్కున్నాను. డన్, డనక డన్. మనది వేరే దరువు డాడీ. మనది నడిచేవాళ్ళ దరువు.

చింటు అన్న ఆ సందు వైపు చేతులూపుతూ పరిగెత్తాడు. అందడు. చరణం దగ్గరికి వచ్చేసింది. దరువు హెచ్చుతోంది, హెచ్చుతోంది. నా చుట్టూ మళ్ళీ అందరి అడుగులూ ఒకటవుతున్నాయి. దరువు ఆగింది.

టక్.

వీధి ఆగింది. అమ్మ పరుగు మధ్యలో ఆగింది. అంబులెన్స్‌కి అడ్రస్ చెబుతున్న గొంతు ఆగింది. నా గుండె ఆగి, వింటోంది.

చేతులు మాత్రం ఆపలేదు. అంత నిశ్శబ్దంలో నా అరచేతుల కింద డన్, డనక డన్, అదొక్కటే చప్పుడు. అందరూ దాన్నే వింటున్నారు.